గుండెకు రక్తం పెంచే మందు గుండెనొప్పికి ఎందుకు పనికిరాదు?

రక్తనాళాలను వెడల్పు చేసే డైపిరిడమోల్ అనే మందు ఎక్కిస్తే కుక్క గుండెలో రక్తప్రవాహం కొన్ని రెట్లు పెరుగుతుందని పుస్తకంలో ఉంది, మరి ఆంజైనాకు (గుండెకు రక్తం చాలక వచ్చే నొప్పికి) దాన్ని ఎందుకు వాడరు అని ఒకరు అడిగారు. ఎం.ఫార్మసీ వైవాలో సరిగ్గా ఇక్కడే నేను నీళ్ళు నమిలాను.

నెల్లూరు దగ్గర కాలేజీలో చదివాను. ల్యాబ్‌లో గినీ పిగ్ గుండెను లాంగెన్‌డార్ఫ్ పరికరానికి వేలాడదీసేవాళ్ళం. 1895 నాటి పద్ధతి అది. బృహద్ధమనికి గొట్టం కట్టి, ఆక్సిజన్ కలిపిన ఉప్పు ద్రావణాన్ని 37 డిగ్రీల వేడిమీద ఎదురు పంపితే, కవాటం మూసుకుని ద్రావణమంతా గుండె కండరానికి రక్తమందించే కరోనరీ నాళాల్లోకి పోతుంది. గుండె నుంచి కారేదాన్ని నిమిషం నిమిషం కొలజాడీలో పట్టి రాసుకోవడమే మన పని. నాళాలను విచ్చుకునేలా చేసే అడినోసిన్ (ఒంట్లోనే తయారయ్యే పదార్థం) వేయగానే చుక్కలు కాస్తా ధార కట్టాయి. సంబరంగా 'ఆంజైనాకు మంచి మందు' అని రికార్డులో రాసేశాను. ఎగ్జామినర్ ఒక్కటే అడిగారు: "ఆ గుండెకు జబ్బుందా?"

లేదు. కిటుకంతా అక్కడే ఉంది.

మాకు కనిగిరి రిజర్వాయరు కాలువ కింద చివర్లో నాలుగు కయ్యలున్నాయి. నీళ్ళు తక్కువైన ఏడాది మా తూము ముందే పూర్తిగా ఎత్తి ఉంటుంది, ఇంకా ఎత్తడానికేమీ మిగలదు. అప్పుడు ఎగువ తూములన్నీ ఒక్కసారి ఎత్తితే కాలువలో మట్టం పడిపోయి మా కయ్యలే ఎండుతాయి. పూడుకుపోయిన ధమని వెనక సన్న నాళాలదీ ఇదే గతి. ఆక్సిజన్ చాలక అవి ముందే పూర్తిగా విచ్చుకుని ఉంటాయి. డైపిరిడమోల్ కణాలు అడినోసిన్‌ను తిరిగి లోపలికి తీసుకోకుండా ఆపుతుంది. బయట మిగిలిన అడినోసిన్‌కు విచ్చుకునేవి బాగున్న వైపు నాళాలే. పూడుకున్న చోటును చుట్టి రక్తం తెచ్చే పక్కదారి నాళాల్లో ఒత్తిడి తగ్గి, అసలు అవసరమున్నచోటికి రక్తం తగ్గిపోవచ్చు. దీన్ని కరోనరీ స్టీల్ అంటారు (ఉక్కు కాదు, దొంగతనం!). మొత్తం లెక్క పెరిగినట్టే కనిపిస్తుంది.

ఆంజైనాకు వాడే నైట్రోగ్లిజరిన్ కథ దీనికి తలకిందులు. కరోనరీ ప్రవాహం మొత్తంగా చూస్తే అంత గొప్పగా పెంచదు, అయినా నొప్పి తగ్గిస్తుంది. సిరలను వదులు చేసి గుండెకు చేరే రక్తాన్ని తగ్గిస్తుంది కాబట్టి గుండె పని తేలికవుతుంది. పెద్ద ధమనులు, పక్కదారి నాళాలు కూడా కాస్త విచ్చుకుంటాయి.

ఏ జంతువు అన్నదీ చూసుకోండి. గినీ పిగ్‌కు పక్కదారి నాళాలు ఎంత దట్టమంటే ధమని కట్టేసినా గుండె కండరం దాదాపు చావదు. కుక్కకు ఓ మోస్తరు, పందికి చాలా తక్కువ. పైగా పరికరానికి వేలాడే గుండెకు బీపీ పడిపోవడం, దాంతో వేగం పెరగడం ఉండవు. బతికున్న జంతువులో హైడ్రలజిన్ లాంటి బీపీ తగ్గించే మందులు ఇస్తే అవి రెండూ వస్తాయి. గుండె విశ్రాంతి తీసుకునే సమయం కుదించుకుపోతుంది. ఎడమ జఠరికకు రక్తం ఎక్కువగా అందేది ఆ సమయంలోనే.

అలాగని డైపిరిడమోల్‌ను పక్కన పడేయలేదు. నడవలేని రోగులకు స్ట్రెస్ స్కాన్‌లో (గుండెకు రక్తం ఎలా అందుతోందో చూసే పరీక్షలో) ఇదే ఇచ్చి, బాగున్న వైపుకూ పూడుకున్న వైపుకూ ప్రవాహంలో తేడా చూస్తారు. మా నాన్నను ఆ స్కాన్‌కు చెన్నై తీసుకెళ్ళాం. ముందురోజు నుంచి కాఫీ, టీ వద్దన్నారు, కెఫీన్ అడినోసిన్‌ను అడ్డుకుంటుంది కాబట్టి. ఆయన పొద్దున్నే స్టేషన్‌లో గుట్టుగా టీ తాగేశారు. ఆ రోజు స్కాన్ చేయలేదు, వారం తర్వాత మళ్ళీ వెళ్ళాం.