అండర్‌స్కోర్ తెచ్చిన తంటా

ప్రశ్న: టేబుళ్ల జాబితా చూపే చిన్న కమాండ్ రాస్తున్నాం. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో 'షో టేబుల్స్ లైక్' తర్వాత ట్యాక్స్_% అని ఇస్తే ట్యాక్స్_2023తో పాటు ట్యాక్సీ అనే టేబులూ వస్తోంది. ఎందుకండీ? కొన్ని టేబుళ్లను వదిలేయడం ఎలా?

జవాబు: లైక్‌లో అండర్‌స్కోర్ అంటే 'ఏదైనా ఒక్క అక్షరం', శాతం గుర్తు అంటే 'ఎన్ని అక్షరాలైనా, అసలు లేకపోయినా'. ట్యాక్సీలోని ఐ అక్షరం ఆ చోట సరిపోయింది. అండర్‌స్కోర్ ముందు బ్యాక్‌స్లాష్ పెట్టండి, అప్పుడది మామూలు అండర్‌స్కోర్ అవుతుంది. జావాస్క్రిప్ట్ స్ట్రింగులో అయితే రెండు పెట్టాలి, ఒక్కటే ఉంటే అది మాయమవుతుంది.

'షో టేబుల్స్ నాట్ లైక్' అనేది చెల్లదు. 'వేర్' అనే షరతు పెట్టి, అందులో కాలమ్ పేరు తర్వాత నాట్ లైక్ వాడాలి. అక్కడ కాలమ్ పేరు 'టేబుల్స్_ఇన్_' తర్వాత మీ డేటాబేస్ పేరు. అంటే డేటాబేస్ మారితే కాలమ్ పేరూ మారుతుంది. చికాకైన ఏర్పాటే! వ్యూలు (టేబుళ్లలా కనిపించే, దాచిపెట్టిన క్వెరీలు) వద్దనుకుంటే 'షో ఫుల్ టేబుల్స్' అని, వేర్‌లో టేబుల్_టైప్ 'బేస్ టేబుల్'కు సమానం అనండి.

మీ కమాండ్‌కు మాత్రం నక్షత్రం, ప్రశ్నార్థకం గుర్తులే మేలు. పోస్ట్‌గ్రెస్ అనే మరో డేటాబేస్‌కు కమాండ్లు ఇచ్చే పీఎస్‌క్యూఎల్‌లో, టేబుళ్ల జాబితా చూపే 'బ్యాక్‌స్లాష్ డీటీ' పద్ధతి ఇదే, అక్కడ అండర్‌స్కోర్ మామూలు అక్షరం. వాటిని లోపల లైక్ గుర్తులుగా మార్చేటప్పుడు వరుస తప్పకూడదు: ముందు బ్యాక్‌స్లాష్‌ను రెట్టింపు చేసి, తర్వాత శాతం, అండర్‌స్కోర్‌ల ముందు బ్యాక్‌స్లాష్ చేర్చి, చివర్లో నక్షత్రాన్ని శాతంగా, ప్రశ్నార్థకాన్ని అండర్‌స్కోర్‌గా మార్చండి. తిరగేస్తే మీరు పెట్టిన గుర్తులకే బ్యాక్‌స్లాష్ తగిలి, జాబితా ఖాళీగా వస్తుంది. లినక్స్ షెల్‌లో (కమాండ్లు టైప్ చేసే చోట) నక్షత్రాన్ని కోట్స్‌లో ఇమ్మని వాడేవాళ్లకు చెప్పండి, లేకపోతే ఆ ఫోల్డర్‌లో దానికి సరిపోయే ఫైళ్ల పేర్లు వచ్చి చేరతాయి.