బెయిల్ కేసులు వాదిస్తానంటోంది, లా చదివించమంటారా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు, బట్టల కొట్టు ఉంది. మా అమ్మాయి బీకాం ఫైనల్ ఇయర్. లా చదివి, ముఠా నేరాల కేసుల్లో బెయిల్ పిటిషన్లు వాదిస్తానంటోంది. గ్యాంగుల వాళ్లను బయటికి తెచ్చే పని ఆడపిల్లకు ఎందుకని నా టెన్షన్. సంపాదన కూడా ఉంటుందో లేదో. పంపమంటారా?

జవాబు: పంపండి. అయితే ఆ పని ఏమిటో ముందు మీరూ తెలుసుకోండి. బెయిల్ వచ్చినంత మాత్రాన కేసు కొట్టేసినట్టు కాదు. ముద్దాయి పూచీకత్తు ఇచ్చి బయటికొస్తాడు, వాయిదాలకు తిరుగుతాడు, నేరం రుజువైతే మళ్లీ జైలుకే.

2024 జులై 1న ఐపీసీ స్థానంలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 111వ సెక్షన్ వ్యవస్థీకృత నేరానిది. ముఠాగా చేసే కిడ్నాపులు, బలవంతపు వసూళ్లు, భూకబ్జాలు, సైబర్ నేరాలు దీని కిందికి వస్తాయి. శిక్ష కనీసం ఐదేళ్లు, యావజ్జీవం దాకా పోవచ్చు. ప్రాణం పోతే ఉరిశిక్ష కూడా పడొచ్చు. అందుకే మేజిస్ట్రేట్ దగ్గర బెయిల్ దొరకడం కష్టం. సెషన్స్ కోర్టుకో, హైకోర్టుకో వెళ్లాలి.

అక్కడ లాయర్‌ను గెలిపించేది గొంతు కాదు, ఫైలు. ఈ సెక్షన్ నిలబడాలంటే గత పదేళ్లలో ఆ ముఠా పనుల మీద ఒకటికి మించి ఛార్జిషీట్లు పడి, కోర్టు వాటిని విచారణకు తీసుకుని ఉండాలి. రిమాండ్ రిపోర్టులో ‘పాత కేసులున్నాయి’ అని రాస్తే చాలదు. వాటిలో ఛార్జిషీటు దాకా వచ్చినవి ఏవి, ఎఫ్ఐఆర్ దగ్గరే ఆగినవి ఏవి, మూడేళ్లకు తక్కువ శిక్ష ఉండి ఈ లెక్కలోకి రానివి ఏవి అని కూర్చుని ఏరాలి. రిమాండ్ మొదలైన 90 రోజుల్లోపు పోలీసులు ఛార్జిషీటు వేయకపోతే బెయిల్ ముద్దాయి హక్కవుతుంది. ఆ రోజు పిటిషన్ సిద్ధంగా లేకపోతే ఆ తప్పు లాయర్‌దే. కొట్టు లెక్కల్లో రూపాయి తేడా పట్టుకునే కన్ను ఉన్న పిల్లకు ఈ పని బాగా నప్పుతుంది.

వ్యవస్థీకృత నేరాల మీద మహారాష్ట్ర తెచ్చిన 1999 నాటి మోకా (ఎంసీఓసీఏ) చట్టం ఇంకా గట్టిది. నేరం చేయలేదని నమ్మడానికి తగిన కారణాలున్నాయని, బయటికొచ్చాక మళ్లీ నేరం చేయడని జడ్జికి అనిపిస్తేనే బెయిల్. ఛార్జిషీటు గడువును 180 రోజుల దాకా పొడిగించొచ్చు. అయినా తెల్గీ నకిలీ స్టాంపుల కేసులో ముంబై మాజీ పోలీస్ కమిషనర్‌కు 2005లో సుప్రీంకోర్టు బెయిల్ ఇచ్చింది. బెయిల్ దశలో కేసును స్థూలంగా చూస్తే చాలు, ముద్దాయి నిర్దోషి అని తేల్చనక్కర్లేదని చెప్పింది. మన రాష్ట్రంలోనూ 2001లో ఇలాంటి చట్టం తెచ్చారు, మూడేళ్లకు గడువు తీరిపోయింది. మోకాలోని ఆ రెండు షరతులు 111లో లేవు. రెండింటినీ కలిపేసి మాట్లాడేవాళ్లు చాలామందే ఉన్నారు, నల్లకోటు వేసుకున్నవాళ్లతో సహా!

ఆడపిల్ల అన్న మాటకు వస్తే, క్లయింట్లతో పని ఆఫీసులో, కోర్టులోనే. పేరున్న, జూనియర్లకు పని నేర్పే సీనియర్ దగ్గర చేర్చండి. ఆ ఎంపికలో మీరు ఎంత పట్టుదలగా ఉన్నా తప్పులేదు. ముఠాల తరఫున నిలబడటం తనకే నచ్చకపోతే అవే సెక్షన్లతో బెయిల్‌ను వ్యతిరేకించే ప్రాసిక్యూటర్ దారి కూడా ఉంది.

డబ్బు సంగతి దాచను. మొదటి మూడు నాలుగేళ్లు సీనియర్ ఇచ్చేది బస్సు ఛార్జీలకు, కాఫీలకు సరిపోతే గొప్ప. ఇంటి నుంచి మీరు ఆదుకోవాలి. జిల్లా న్యాయసేవాధికార సంస్థల్లో లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ (లాయర్‌ను పెట్టుకోలేని ముద్దాయిల తరఫున ఉచితంగా వాదించే) పోస్టులున్నాయి. అసిస్టెంట్ స్థాయికి మూడేళ్లలోపు అనుభవం ఉన్నవాళ్లనూ తీసుకుంటారు, నెలనెలా గౌరవ వేతనం వస్తుంది. సొంత ప్రాక్టీసు మాత్రం కుదరదు. జడ్జి పరీక్ష రాయాలన్నా 2025లో సుప్రీంకోర్టు మూడేళ్ల ప్రాక్టీసు మళ్లీ తప్పనిసరి చేసింది. కాబట్టి ఆ మూడేళ్లు ఎటు వెళ్లినా పనికొస్తాయి.

లా కోర్సులో చేరడానికి పెట్టే ఏపీ లాసెట్‌ను డిగ్రీ ఫైనల్ ఇయర్ వాళ్లూ రాయొచ్చు. అప్లై చేసేలోపు ఒకరోజు తనను కడప జిల్లా కోర్టుకు తీసుకెళ్లండి, బెయిల్ వాదనలు నడిచే హాల్లో వెనక కూర్చోండి. రెండు గంటలు ఓపిగ్గా విందంటే ఫీజు కట్టేయండి.