అరిచిన తర్వాత ఏం చేయాలి?

ప్రశ్న: మా బాబుకు నాలుగేళ్లు. నేను ఉద్యోగం నుంచి ఇల్లు చేరేసరికి రాత్రి ఏడవుతుంది. మొన్న పప్పన్నం కలిపి పెడుతుంటే వాడు పేచీ పెట్టి పాల గ్లాసు తన్నేశాడు. కోపం పట్టలేక గట్టిగా అరిచాను. వాడు ఏడవను కూడా ఏడవకుండా బిక్కచచ్చిపోయి నా మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు. మనసు చివుక్కుమని వెంటనే చాక్లెట్ ఇచ్చి, ఫోన్ చేతిలో పెట్టాను. ఇలా జరగడం ఇది మొదటిసారి కాదు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఇతర తల్లుల ఓపిక చూస్తే నేను తల్లిగా పనికిరానేమో అనిపిస్తోంది. ‘మేం నలుగురిని పెంచాం, ఇంత హైరానా పడలేదు’ అంటారు మా అత్తగారు. నా అరుపులు వాడి మనసులో నిలిచిపోతాయా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ప్రేమగా చూసుకునే ఇంట్లో ఎప్పుడో ఒకసారి వినిపించిన అరుపు పిల్లవాడి భవిష్యత్తును నిర్ణయించదు. లండన్‌లోని ఒక పిల్లల ఆసుపత్రిలో దశాబ్దాలపాటు తల్లులనూ బిడ్డలనూ దగ్గరగా గమనించిన డొనాల్డ్ వినికాట్ (1896–1971) అనే వైద్యుడు, బిడ్డకు కావలసింది లోపమెరుగని తల్లి కాదనీ, సరిపోయేంత మంచి తల్లి చాలుననీ చెప్పారు. ఇది తల్లులను ఓదార్చడానికి అన్న మాట కాదు. పుట్టిన కొత్తలో బిడ్డ అవసరాలను ఇంచుమించు పూర్తిగా కనిపెట్టి తీర్చే తల్లి, బిడ్డ ఎదిగేకొద్దీ, వాడు తట్టుకోగలిగిన మేరకు, కొంచెం కొంచెంగా తక్కువ పడుతుంది. ఆ వెలితిలోనే వాడు ఎదురుచూడటం, నిరాశను భరించడం నేర్చుకుంటాడని ఆయన అభిప్రాయం.

అమెరికాకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ ట్రానిక్, తల్లీ పసిబిడ్డల ముఖాముఖి ఆటలను వీడియో తీసి క్షణక్షణం పరిశీలించినప్పుడు, ఏ సమస్యా లేని జంటల్లో సైతం ఇద్దరి భావాలూ ఒకదానితో ఒకటి కలిసి నడిచేది సుమారు 30 శాతం సమయమేనని తేలింది. మిగిలిన సమయమంతా తప్పిపోవడం, మళ్లీ కలుసుకోవడమే. ఆయన చూసింది అరుపులను కాదు, చిన్నచిన్న తేడాలను; అయినా తెగిన చోట మళ్లీ అతుకు వేయడమే బిడ్డకు ధైర్యమిస్తుందన్న అంశం మీకూ వర్తిస్తుంది.

అందుకే మీ ఉత్తరంలో నన్ను ఆలోచింపజేసింది అరుపు కంటే, ఆ తర్వాత మీరిచ్చిన చాక్లెట్. అది వాడి భయాన్ని తీర్చలేదు, మీ అపరాధ భావాన్ని మాత్రం కాసేపు చల్లార్చింది. అమ్మ ఎందుకు అరిచిందో, ఇప్పుడు తన మీద కోపం పోయిందో లేదో వాడికి తెలియకుండానే తెర మీద బొమ్మలు మొదలయ్యాయి. ఈసారి ముందు మీ ఊపిరి కుదుటపడనివ్వండి. తర్వాత వాడి ఎత్తుకు కూర్చుని, ‘నాన్నా, నేను గట్టిగా అరిచాను, నువ్వు భయపడ్డావు కదూ? అలా అరవకూడదు, సారీ’ అనండి. ఆ వెంటనే ‘కానీ నువ్వు అన్నం తినుంటే’ అని మొదలుపెడితే మన్నింపు కాస్తా నేరారోపణగా మారిపోతుంది. గ్లాసు తన్నకూడదన్న సంగతి వాడు స్థిమితపడ్డాక విడిగా చెప్పి, చిన్న గుడ్డ వాడి చేతికిచ్చి, ఇద్దరూ కలిసి పాలు తుడవండి. మన్నించమని అడగడం వల్ల పిల్లల దగ్గర లోకువైపోతామని కొందరు పెద్దలు భయపడతారు. నేను ఒప్పుకోను, తప్పు చేసినవాళ్లు ఏం చేయాలో వాడు చూసి నేర్చుకునేది అప్పుడే.

ఇన్‌స్టాగ్రామ్ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. అక్కడ కనిపించేది ఎంచి పెట్టిన కొన్ని సెకన్లు. మీ అత్తగారి మాట మాత్రం కొట్టిపారేయదగినది కాదు. ఆవిడ నలుగురిని పెంచిన రోజుల్లో, ఒకరు విసుక్కుంటే బిడ్డను ఎత్తుకోవడానికి ఇంట్లోనో పక్కింట్లోనో మరో ఒడి ఉండి ఉంటుంది. మీ ఉత్తరంలో మీ భర్త ప్రస్తావన ఒక్కచోట కూడా లేదు! రాత్రి అన్నం పెట్టే పని వారంలో సగం రోజులు ఆయన తీసుకుంటే, మీకు లేదనుకుంటున్న ఓపికలో కొంత తిరిగి వస్తుంది. ఫోన్ విషయంలో, ఈ వయసు పిల్లలకు రోజుకు గంటకు మించి తెర వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. ఒక రాత్రి అది దాటితే కంగారు పడకండి. ఏడుపు మాన్పించే మందుగా మాత్రం వాడకండి.

అయితే లోపాలను ఒప్పుకోవడమంటే అన్నిటినీ సరిపెట్టుకోవడం కాదు. చెయ్యి చేసుకోవడం, ‘నువ్వు పుట్టకపోయినా బాగుండేది’ లాంటి మాటలు, రోజూ సాగే అరుపులు ఈ లెక్కలోకి రావు. ‘మొదటిసారి కాదు’ అన్నారు కాబట్టి, అది ఎంత తరచుగా జరుగుతోందో మీరే నిజాయితీగా చూసుకోండి. కోపం దాదాపు రోజూ అదుపు తప్పుతున్నా, వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, పనికిరానన్న ఆలోచన వదలకపోయినా మానసిక వైద్యుణ్ణి కలవండి. మానసిక ఆరోగ్య సలహాలిచ్చే కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ సేవకు 14416 నంబరులో ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.