కాపడం బదులు హీటింగ్ బెల్ట్: చిక్కంతా చల్లారకపోవడంలోనే

నడుము నొప్పికి ఇసుక మూటతో పెట్టుకునే కాపడం బదులు ఎలక్ట్రానిక్ హీటింగ్ బెల్ట్ కొంటే అదే గుణం కనిపిస్తుందా, వేడి ఎంతలో పెట్టాలి అని అడిగారు. గుణం కనిపిస్తుంది. వేడి ఇసుకలోంచి వచ్చినా తీగలోంచి వచ్చినా కండరానికి ఒకటే. కానీ మూట చల్లారుతుంది, బెల్ట్ చల్లారదు. ఈ ఒక్క సంగతీ తెలియకే చాలామంది ఒళ్ళు కాల్చుకుంటారు.

మూట మొదట చురుక్కుమంటుంది, ఎత్తి ఎత్తి అద్దుతాం, పది పదిహేను నిమిషాల్లో గోరువెచ్చనవుతుంది. చైనా, జపాన్‌లలో ఎండు మూలిక కడ్డీని రాజేసి చర్మానికి దగ్గరగా పెట్టే కాపడాన్ని మోక్సా అంటారు, అది పెట్టేవారు కూడా చర్మం ఎర్రబడగానే కడ్డీని వెనక్కి జరుపుతారు. ఆ చెయ్యి చేసే పనిని బెల్ట్‌లో పప్పుగింజంత థర్మిస్టర్ (వేడిని కొలిచే సెన్సర్) చేయాలి. అది కొలిచేది తాను ఉన్న చోటి వేడిని మాత్రమే. తెరమీద 45 అని కనిపించినా, బెల్ట్ మడత పడిన చోట అంతకంటే బాగా ఎక్కువే ఉండొచ్చు.

చర్మం కాలడానికి వేడి ఎంత అన్నదే కాదు, ఎంతసేపు అన్నదీ లెక్కే. 1947లో మోరిట్జ్, హెన్రిక్స్ ప్రచురించిన కొలతల ప్రకారం 44 డిగ్రీల దగ్గర సుమారు 6 గంటలకు, 47 దగ్గర ముప్పావుగంటకు, 49 దగ్గర 10 నిమిషాలలోపే చర్మం దెబ్బతింటుంది. ఇప్పుడు రాత్రి పదింటికి బెల్ట్‌ను నడుము కింద వేసుకుని వెల్లకిలా పడుకున్న మనిషిని ఊహించండి. ఒంటి బరువుకి చర్మం నొక్కుకుపోయి, వేడిని మోసుకుపోవాల్సిన రక్తం అక్కడ సరిగా ఆడదు. కింద పరుపు, పైన దుప్పటి, వేడి బయటికి పోయే దారే లేదు. 44 డిగ్రీలు నిద్రలేపేంత మంట కాదు. తెల్లారేసరికి నడుముకు అడ్డంగా కమిలిన పట్టీ, ఆపైన బొబ్బ.

అందుకే బెల్ట్ ఎప్పుడూ ఒంటి పైనుండాలి, ఒళ్ళు దాని పైన ఉండకూడదు. మధ్యలో ఒక పొర పలచని నూలు గుడ్డ, ఒక్కోసారి 15 నుంచి 20 నిమిషాలు, అంతే. తనంతట తాను ఆగే టైమర్ లేని బెల్ట్ కొనకండి.

కొన్నాక ఒకసారి పరీక్షించండి. ప్రోబ్ (తీగ చివర వేడిని పసిగట్టే మొన) ఉన్న డిజిటల్ థర్మామీటర్ కావాలి, జ్వరం చూసేది చాలావరకు 42, 43 దగ్గరే ఆగిపోతుంది. తొడ మీద గుడ్డ, దాని కింద చర్మానికి ఆనుకుని ప్రోబ్, పైన బెల్ట్. 20 నిమిషాలపాటు 5 నిమిషాలకోసారి చూడండి. మధ్యలోనూ రెండు అంచుల్లోనూ విడివిడిగా చూడాలి. 43 దాటితే వెంటనే తీసేసి, చల్లారాక ఒక మెట్టు తగ్గించి మళ్ళీ చూడండి. అడుగు మెట్టులోనూ దాటితే తిరిగిచ్చేయండి.

‘ఫార్ ఇన్‌ఫ్రారెడ్’ అన్న మాటకు మాత్రం అదనంగా పైసా పెట్టవద్దు. 40 డిగ్రీల వేడి ఉన్న ఏ వస్తువైనా ఎక్కువగా వెదజల్లేది 9 మైక్రాన్ల దరిదాపు కంటికి కనపడని వేడి కిరణాలనే, ఆ పేరుతో అమ్మేదీ వాటినే. ఇసుక మూటా అదే చేస్తుంది. దాన్ని పెద్ద విశేషంలా అమ్మడం నాకు అన్యాయం అనిపిస్తుంది.

యూఎస్‌బీ బెల్ట్ 5 వోల్టులు, 2 ఆంపియర్లయితే 10 వాట్లు. సన్నటి కేబుల్ వాడితే బెల్ట్ సరిగా కాగదు, కేబుల్, కనెక్టర్ మాత్రం కాగొచ్చు. పిన్ను దగ్గర ప్లాస్టిక్ గోధుమరంగు తిరిగితే ఆ కేబుల్ పారేయండి. బ్యాటరీ లోపలే ఉన్న బెల్ట్‌ను చార్జింగ్‌లో ఉండగా కట్టుకోకండి. మడిచి దాచకండి, వదులుగా చుట్టండి, మడత దగ్గరే తీగ తెగుతుంది.

షుగర్ వల్ల స్పర్శ తగ్గినవారు, దెబ్బ తగిలి రెండు రోజులు కానివారు వాడకూడదు. రోజూ ఒకే చోట పెడితే చర్మం మీద వలలాంటి గోధుమ చారలు రావచ్చు, కనిపించగానే మానేయాలి. నొప్పి తగ్గించే మందు పట్టీ ఒంటిమీద ఉంటే, ముఖ్యంగా ఫెంటానిల్ పట్టీ అయితే, దాని మీదా దగ్గరలోనూ వేడి పెట్టనేకూడదు. వేడికి మందు ఒక్కసారిగా ఎక్కువ మోతాదులో రక్తంలోకి దిగి ఊపిరి మందగించవచ్చు.