వీడియో పాఠాన్ని ఆటగా మార్చాలంటే: కోడ్ కన్నా ముందు అతుకులు చూసుకోండి

యూట్యూబ్‌లో పెట్టిన మీ కరెంటు సర్క్యూట్ పాఠాన్ని, పిల్లలు బటన్ నొక్కి దారి ఎంచుకునే ఆటగా మార్చాలని అడిగారు. అయ్యే పనే. యూట్యూబ్ లోపలే చేద్దామంటే మాత్రం ఇప్పుడు కుదరదు. వీడియో మీద ఎక్కడైనా పెట్టుకోగలిగిన యానొటేషన్లను, అంటే నొక్కే పెట్టెలను, 2019 జనవరి 15న పూర్తిగా తీసేశారు, పాత ట్యుటోరియల్స్ చూసి వాటికోసం వెతక్కండి. ఉన్నవాటిలో కాస్త దగ్గరగా పనికొచ్చేది ఎండ్ స్క్రీన్, అంటే వీడియో చివర వేరే వీడియోలకు లింకులు చూపించే భాగం. అది చివరి 5 నుంచి 20 సెకన్లలోనే కనబడుతుంది, వీడియో కనీసం 25 సెకన్లు ఉండాలి. పిల్లల కోసం చేసినదని గుర్తు పెట్టిన వీడియోకు అదీ రాదు. కాబట్టి వీడియోను మీ సొంత వెబ్‌పేజీలో ఎంబెడ్ చేసి, అంటే యూట్యూబ్ ప్లేయర్‌ను ఆ పేజీలోనే కనబడేలా పొదిగి, బటన్లు ఆ పేజీలో పెట్టుకోవాలి.

ముందు కాగితం మీద దారులు గీయండి. ప్రతి ప్రశ్న దగ్గరా కథ రెండుగా చీలి మళ్లీ కలవకపోతే 3 ప్రశ్నలకు 15 వీడియో ముక్కలు, 5 ప్రశ్నలకు 63 ముక్కలు తీయాల్సి వస్తుంది. ఎక్కువమంది ఇక్కడే అలిసిపోయి వదిలేస్తారు. తప్పు జవాబుకు చిన్న ముక్క చూపించి మళ్లీ అదే ప్రశ్నకు తీసుకురండి. అప్పుడు 5 ప్రశ్నలకు 5 ప్రశ్న ముక్కలు, 5 తప్పు ముక్కలు, ఒక ముగింపు, మొత్తం 11తో సరిపోతుంది. పాఠానికి ఇదే మేలు కూడా: బల్బు ఎందుకు వెలగలేదో చూశాకే పిల్లవాడు రెండోసారి ఆలోచిస్తాడు.

ఈ 11 ముక్కల్నీ వరుసగా అతికించి ఒకే వీడియోగా ఎక్కించండి. ఒక్కో ముక్క ఎన్నో సెకనులో మొదలై ఎక్కడ ఆగుతుందో పట్టిక రాసుకోండి. అసలు జాగ్రత్త అతుకు దగ్గర కావాలి. ఉదాహరణకు, ఎర్ర తీగ పట్టుకున్న చెయ్యి బ్యాటరీ కొసకు అంగుళం దూరంలో ఆగింది, ప్రశ్న రావాలి. ఆ చేతిని కదపకుండా ఇంకో 3 సెకన్లు తీయండి, మాట కూడా వద్దు. ప్లేయర్ ఖచ్చితంగా అనుకున్న క్షణంలోనే ఆగదు. ఈ జాగా లేకపోతే తీగ అంటుకుని బల్బు వెలిగిపోతుంది, జవాబు ముందే తెలిసిపోతుంది. ముక్క మొదట్లో కూడా ఒక సెకను ఖాళీ ఉంచండి. ఇంకా డౌన్‌లోడ్ కాని చోటికి దూకమంటే ప్లేయర్ దానికి కాస్త ముందున్న కీఫ్రేమ్‌కు (వీడియోలో పూర్తి బొమ్మ దాచిన చోటుకు) వెళ్తుంది, దాంతో పక్క ముక్క తోక కనబడుతుంది.

ఇక కోడ్. మీ పేజీ నుంచి ప్లేయర్‌ను నడిపించడానికి యూట్యూబ్ ఇచ్చే ఐఫ్రేమ్ ఏపీఐ (IFrame API) అనే ఆదేశాల సెట్‌లో సమయం మారినప్పుడల్లా చెప్పే ఈవెంట్ లేదు. అందుకే ప్రతి 200 మిల్లీసెకన్లకు గెట్‌కరెంట్‌టైమ్ (getCurrentTime) ఆదేశంతో ఇప్పుడు ఎన్నో సెకనో అడిగి, ముక్క చివర దాటిందో లేదో చూసి పాజ్ చేయాలి. సమానమా అని పోల్చకండి, ఆ అంకె ఎప్పుడూ సరిగ్గా కుదరదు. 'అంతకన్నా ఎక్కువ లేదా సమానం' వాడండి. బటన్ నొక్కగానే సీక్‌టు (seekTo) ఆదేశంతో కొత్త ముక్కకు దూకిస్తారు. కానీ ఆ తర్వాత కొద్దిసేపు పాత సమయమే తిరిగి రావచ్చు, దాంతో అదే ప్రశ్న మళ్లీ తన్నుకొస్తుంది. చాలామంది తలపట్టుకునే తప్పు ఇదే. దూకుతున్నానని కోడ్‌లో ఒక గుర్తు పెట్టుకుని, సమయం కొత్త ముక్క లోపలికి వచ్చాకే దాన్ని తీసేయండి.

బటన్లను వీడియో కింద పెట్టండి, ప్లేయర్ మీద ఏదీ కప్పకూడదని యూట్యూబ్ నియమం. ఫుల్‌స్క్రీన్‌కు వెళ్తే ప్లేయర్ ఒక్కటే పెద్దదై మీ బటన్లు మాయమవుతాయి, అందుకని ప్లేయర్ సెట్టింగుల్లో ఫుల్‌స్క్రీన్ బటన్‌కు సంబంధించిన ఎఫ్ఎస్ (fs) విలువ 0 చేయండి. ఐఫోన్‌లో వీడియో పేజీలోనే ఆడేలా ప్లేస్‌ఇన్‌లైన్ (playsinline) విలువ 1 పెట్టండి. మొదటి ప్లే పిల్లవాడి వేలితోనే మొదలవ్వాలి, శబ్దంతో తనంతట తాను మొదలయ్యే వీడియోను బ్రౌజర్లు ఆపేస్తాయి. బటన్ మీద నాలుగైదు మాటలకు మించితే చిన్న ఫోన్లో విరిగిపోతాయి.

పేజీని డబుల్ క్లిక్ చేసి తెరిచి పరీక్షించకండి, పైథాన్ ప్రోగ్రామింగ్ భాషతో వచ్చే, మీ కంప్యూటర్లోనే నడిచే చిన్న సర్వర్ నుంచి తెరవండి. 101 లేదా 150 అని ఎర్రర్ వస్తే యజమాని ఎంబెడ్ ఆపేశాడని అర్థం. వేరేవాళ్ల వీడియో అయితే ముందే అనుమతి అడగండి. వాళ్లు మొదట్లో 4 సెకన్లు కత్తిరించినా మీ పట్టికంతా తప్పిపోతుంది.

కోడ్ రాకపోతే మూడిల్ (ఆన్‌లైన్ తరగతుల సాఫ్ట్‌వేర్) లేదా వర్డ్‌ప్రెస్ (వెబ్‌సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్)లో హెచ్5పీ (H5P) అనే పాఠాలు తయారుచేసే పనిముట్టు పెట్టుకుని, అందులోని ఇంటరాక్టివ్ వీడియో వాడండి. ప్రశ్న దగ్గర పాజ్ చేయమని టిక్ పెట్టి, తప్పు జవాబుకు ఏ సెకనుకు వెళ్లాలో అందులోనే ఇవ్వొచ్చు. అక్కడా ఆ 3 సెకన్ల జాగా కావాలి, కాబట్టి షూటింగ్ రోజే తీసిపెట్టుకోండి.