తల్లి కుక్కను చూపించని ఇంట్లో పిల్లను కొనవద్దు

విజయవాడలో అపార్ట్‌మెంటులో ఉంటున్నామని, పిల్లలు పట్టుబట్టడంతో షిట్జు కుక్కపిల్లను కొనాలనుకుంటున్నామని, పెట్ షాపులో కాకుండా ఇంట్లో పెంచి అమ్మేవారి దగ్గర తీసుకోవడం మంచిదేనా, వంశాన్ని తెలిపే పేపర్లు తప్పనిసరా, ధర ఎంతవరకు ఇవ్వవచ్చు అని మీరు అడిగారు. మా ఇంట్లో ఉన్న షిట్జును గుంటూరులో ఒక ఇంటి నుంచే తెచ్చుకున్నాము కనుక మొదటి ప్రశ్నకు నా సమాధానం ‘మంచిదే’. అయితే ‘మా ఇంట్లో పుట్టిన పిల్లలండీ’ అని ఫోనులో చెప్పే ప్రతివారి ఇంట్లోనూ అవి పుట్టి ఉండవు. ఎక్కడెక్కడి నుంచో నెల నిండీ నిండని పిల్లలను తెప్పించి, హాల్లో సోఫా మీద కూర్చోబెట్టి ఫోటోలు తీసి వాట్సాప్‌లో పంపే మధ్యవర్తులు కూడా ఇదే మాట చెబుతారు.

తల్లిని చూసి పిల్లను, పాడిని చూసి బర్రెను తీసుకోవాలన్నారు పెద్దలు. సంబంధాలు వెతికేవారి కోసం పుట్టిన ఆ సామెత మనుషుల విషయంలో ఎంత నిజమో గానీ, కుక్కల విషయంలో నూటికి నూరుపాళ్లూ నిజమని నా గట్టి నమ్మకం. తల్లి ఏదని అడిగినప్పుడు ‘గ్రూమింగుకు పంపాము’, ‘మా బావమరిది ఇంట్లో ఉంది’, ‘కొత్తవారిని చూస్తే కరుస్తుంది’ అనే జవాబు వస్తే, పిల్ల ఎంత ముద్దుగా ఉన్నా అక్కడ కూర్చోవలసిన పని లేదు.

మేము వెళ్లిన గుంటూరు ఇల్లు ఒక రిటైరైన ఉపాధ్యాయురాలిది. గేటు దగ్గరే చెప్పులు విడిపించి, కాళ్లూ చేతులూ సబ్బుతో కడుక్కోమని, ఆ రోజు మరెక్కడైనా కుక్కలను చూసి వస్తున్నామా అని అడిగిన తరువాతే ఆమె లోపలికి రానిచ్చారు. వంటింటి పక్క గదిలో చెక్క పలకలతో కట్టిన మడిలో పిల్లలున్నాయి, ఒక్కొక్క దాని మెడకు ఒక్కొక్క రంగు ఊలుదారం ఉంది. తల్లి వచ్చి నా భార్య చీర కుచ్చెళ్లు వాసన చూసి, వెళ్లి మడిలో పడుకుంది. దాని పొట్ట మీది వెంట్రుకలు కత్తిరించి ఉన్నాయి, చన్నులు ఇంకా సాగి ఉన్నాయి. పిల్లలన్నీ ఒక్కసారిగా ఎగబడగానే, కొత్తగా వచ్చిన పళ్లు గుచ్చుకున్నాయేమో, అది చివుక్కున లేచి ఒక పిల్ల మీద గుర్రుమని పక్కకు వెళ్లిపోయింది. ‘ఈ కసురుళ్లన్నీ తినాలి బాబూ, అప్పుడే ఎంత గట్టిగా కొరకకూడదో వాటికి తెలుస్తుంది’ అన్నారు ఆమె.

తరువాత ఆమె చూపించినది పాత హాజరు పట్టిక. విద్యార్థుల పేర్లు ఉండవలసిన గడిలో ఎర్ర దారం, పచ్చ దారం, తెల్ల దారం అని రాసి, తేదీల గళ్లలో వంటింటి తూకం మీద తూచిన బరువులు గ్రాములలో వేశారు. తెల్ల దారం పిల్ల బరువు మొదటి వారంలో ఒకచోట తగ్గింది, ఆ గడి పక్కనే ‘సీసా పాలు’ అని సన్నటి అక్షరాలు ఉన్నాయి. ఆ పట్టికను మించిన ధ్రువపత్రాన్ని ఏ కుక్కల దుకాణంలోనూ నేను చూడలేదు.

ఆమె మమ్మల్ని అడిగిన ప్రశ్నలే ఎక్కువ. పగలు ఇంట్లో ఎవరుంటారు, చిన్నపిల్లల వయసెంత, ఎండాకాలంలో ఏసీ వేస్తారా, రోజూ దువ్వే ఓపిక ఉన్నదా అని వరుసగా అడిగారు. ముక్కు అణిగిన జాతి కనుక షిట్జు వేడిని తట్టుకోలేదని, మే నెల మధ్యాహ్నం దానిని బాల్కనీలో వదిలే పని అయితే మరో జాతిని చూసుకోమని మొహం మీదే చెప్పారు. ‘డబ్బూ మనమే ఇవ్వాలి, పరీక్షా మనమే రాయాలా’ అని నా భార్య గొణిగింది. కొనేవారిని ఏమీ అడగకుండా, ‘గూగుల్ పే చేస్తారా, క్యాషా’ అని మాత్రమే అడిగేవారికి ఆ పిల్ల ఎటు పోయినా ఒకటే.

అప్పటికి పిల్లలకు 45 రోజులు. అడ్వాన్సు తీసుకున్నారు గానీ, ఎనిమిది వారాలు నిండితే తప్ప ఇవ్వనన్నారు. ఇది ఆమె చాదస్తం కాదు. కుక్కల పెంపకం, అమ్మకంపై 2017లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలలోపు పిల్లను అమ్మకూడదు, అమ్మకానికి కుక్కలను పెంచేవారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు వద్ద నమోదు చేసుకోవాలి. ఆ నమోదు ఆమెకూ లేదు. అడిగితే, ‘ఎప్పుడో ఒక ఈతకు అదంతా ఎందుకు బాబూ’ అన్నారు. నిబంధన ప్రకారం అది జవాబు కాదని తెలిసి కూడా నేను అక్కడే కొన్నాను.

మన దగ్గర 30, 35 రోజుల పిల్లలను నిస్సంకోచంగా అమ్మేస్తున్నారు. అప్పుడు దూదిపింజలా చిన్నగా ఉండి త్వరగా అమ్ముడుపోతుంది, మేత ఖర్చూ మిగులుతుంది. అమ్మేవారు చెప్పే వయసును నోరు తెరిచి సరిచూడవచ్చు. కుక్కపిల్లకు పాలపళ్లు 28, చాలావాటికి రెండు నెలల నాటికి అవన్నీ వచ్చేస్తాయి. చిన్న జాతులలో కాస్త ఆలస్యమైనా, ముందు పళ్లే సరిగా రాని పిల్లకు రెండు నెలలని చెబితే నమ్మవలసిన పని లేదు. అంత లేత పిల్ల కొత్త ఇంటి బెంగతో ఒక పూట తిండి మానేసినా రక్తంలో చక్కెర పడిపోయి వణుకుతూ సోలిపోవచ్చు. చిగుళ్లకు కాస్త తేనె గానీ గ్లూకోజు గానీ రాసి వెంటనే డాక్టరు దగ్గరకు పరుగెత్తాలి.

టీకాల విషయంలో వినిపించే అబద్ధం ఇంకొకటి ఉంది. నెలన్నర పిల్లకు ‘వ్యాక్సినేషన్ కంప్లీట్’ అంటే అది అసాధ్యం. తల్లి నుంచి వచ్చిన రక్షణ ఉన్నంతవరకు టీకా సరిగా పనిచేయదు, అది తగ్గే సమయం ఒక్కో పిల్లకు ఒక్కోలా ఉంటుంది కనుక, ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి డోసు వేసి, మూడు నాలుగు వారాలకొకసారి చొప్పున 16 వారాలు నిండే వరకు వేయాలి. రేబిస్ టీకా మూడు నెలలకు. పుస్తకంలో టీకా సీసా నుంచి ఊడదీసి అంటించిన స్టిక్కరు, డాక్టరు సంతకం ఉన్నాయో లేదో చూడండి, పెన్నుతో రాసిన తేదీ ఒక్కటే చాలదు. మా పై అంతస్తువారు తల్లిని చూడకుండా, ట్రావెల్స్ బస్సులో బుట్టలో వేయించి తెప్పించుకున్న పిల్ల ఆ వారంలోనే పార్వో అనే వైరస్ జబ్బుతో రక్తవిరేచనాలై చనిపోయింది. అమ్మినవాడు ఫోను ఎత్తలేదు. ఆ వైరస్ ఇంట్లో నెలల తరబడి బతికి ఉంటుంది కనుక వారు వెంటనే మరో పిల్లను తెచ్చుకునే వీలు కూడా లేకపోయింది.

ఇక పేపర్లు. చెన్నై కేంద్రంగా ఉన్న కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఇచ్చే పత్రం పిల్ల వంశాన్ని చెబుతుంది, ఆరోగ్యాన్ని చెప్పదు. ప్రదర్శనలకు తీసుకువెళ్లే ఆలోచన ఉంటే తప్పక తీసుకోండి, చర్మం కింద అమర్చే మైక్రోచిప్ నంబరు పత్రంతో సరిపోతున్నదో లేదో స్కాన్ చేయించి చూడండి. ఇంట్లో పెంచుకోవడానికైతే పేపర్లకయ్యే అదనపు వేల రూపాయలు డాక్టరు ఖర్చుకు ఉంచుకోవడం మేలు. ‘టీకప్’, ‘పంచ్ ఫేస్’ అంటూ ఎక్కువ రేటు చెబితే మాత్రం ఆ ఇంటి గడప దిగేయండి. కప్పులో పట్టేంత చిన్నదని చెప్పే టీకప్ అనే జాతి లేదు, పంచ్ ఫేస్ అనే మరీ అణిగిన ముఖమంటే ఊపిరాడని ముక్కుకు మనం ఎదురు డబ్బిస్తున్నట్టు. 2003 నాటి హచ్ మొబైల్ కంపెనీ ప్రకటనలో పగ్‌ను చూసి సందుకొకటి చొప్పున ఆ అణిగిన ముక్కు కుక్కలను కొన్నవారు వాటి గురకను ఇప్పటికీ ముద్దు అనుకుంటున్నారు. పిల్లను ఎత్తుకున్నప్పుడు ముక్కు రంధ్రాలు తెరుచుకుని ఉన్నాయా, బొడ్డు దగ్గర మెత్తటి ఉబ్బు (హెర్నియా) ఉన్నదా, కళ్లు కారుతున్నాయా అనేవి చూడండి. సన్నటి ఒంటికి పొట్ట మాత్రం ఉబ్బి ఉంటే నట్టల మందు వేయలేదేమోనని అనుమానించాలి.

ధర ఊరిని బట్టి, నెలను బట్టి మారుతుంది. మేము పేపర్లు లేని ఆడ కుక్కపిల్లకు 22 వేలు ఇచ్చాము, ఆమె ఒక్క రూపాయి తగ్గించలేదు, నేనూ గట్టిగా బేరమాడలేదు. మీకు అంతకంటే తక్కువకు దొరకవచ్చు, ఎక్కువా కావచ్చు. తల్లిని, మడిని, టీకా పుస్తకాన్ని మీ కళ్లతో చూడకముందు మాత్రం, ‘ఇంకొకరు కూడా అడుగుతున్నారు సార్’ అన్నారని ఫోనులో అడ్వాన్సు పంపకండి.