తెగిన లంకెను పారేయకండి

ప్రశ్న: మాది మచిలీపట్నం. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ పూర్తిచేసి, సెలవుల్లో నగల తయారీ శిక్షణకు వెళ్లింది. చివరి రోజున విద్యార్థులు చేతితో చేసిన రాగి, ఇత్తడి నెక్లెస్‌లను బల్ల మీద పరిచి అందరికీ చూపించారు. తను చేసిన రాగి గొలుసు వేసుకుని పెళ్లికి వెళ్తే అక్కడే తెగింది. అయినా ఇదే చదువుతానంటోంది. వాళ్ల నాన్న బీటెక్‌లో చేరమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, గొలుసు తెగిందని రాశారు గానీ, తెగాక మీ అమ్మాయి ఏం చేసిందో రాయలేదు. నాకు ముందు కావలసింది ఆ సంగతే.

ఆ గొలుసు కోసం తను ఎంత పని చేసిందో ఒకసారి చూడండి. తీగను కమ్మచ్చులోంచి, అంటే వరస బెజ్జాలున్న ఉక్కు పలకలోంచి లాగి సన్నం చేయాలి. లాగేకొద్దీ రాగి బిగిసిపోతుంది. ఎర్రబడేదాకా కాల్చి నీళ్లలో ముంచితే మళ్లీ మెత్తబడుతుంది. దాన్ని కడ్డీకి చుట్టి రంపంతో కోస్తే లంకెలు వస్తాయి. లోపలి వ్యాసం 5 మిల్లీమీటర్లున్న లంకెలైతే 18 అంగుళాల గొలుసుకు దాదాపు 90 పడతాయి. అంటే 90 అతుకులు. ప్రతి అతుకుకూ వెలిగారం రాసి, టంకం (కరిగి అతికించే మిశ్రమ లోహం) ముక్క పెట్టి, మంట చూపాలి. రెండు కొసలు సరిగ్గా ఆనకపోతే టంకం ఆ సందును పూడ్చదు. పైకి అతికినట్టే ఉండి, లాగితే విడిపోతుంది. మీ అమ్మాయి గొలుసు కూడా బహుశా అలాగే తెగి ఉంటుంది. తొంభైలో ఒకటి పోయింది, మిగిలినవి నిలిచాయి. మొదటి గొలుసుకు ఇది చిన్న విషయం కాదు.

ఇంటికొచ్చి ఆ లంకె ఎందుకు విడిపోయిందో వెతికిందా? మళ్లీ అతికిందా? అయితే నేను నిస్సందేహంగా తన వైపే. గొలుసును డబ్బాలో పడేసి, బల్ల మీద చూపించిన రోజునే తలచుకుంటూ ఉంటే మాత్రం తొందరపడకండి. ఇంకో గొలుసు చేయమనండి, ఈసారి వెండితో. రాగి 1085 డిగ్రీల దగ్గర కరుగుతుంది, వెండి 961 దగ్గరే. టంకం పారే వేడికీ నగ కరిగిపోయే వేడికీ మధ్య వెసులుబాటు తగ్గుతుంది. ఇష్టం ఎంత గట్టిదో అక్కడ తేలిపోతుంది.

చదువు సంగతికొస్తే, నిఫ్ట్‌లో, అంటే జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థలో, నాలుగేళ్ల బీడెస్ (డిజైన్ డిగ్రీ) ఉంది. యాక్సెసరీ డిజైన్ అని చాలాకాలంగా పిలుస్తున్న విభాగం తనకు సరిపోతుంది. ఇంటర్‌లో ఏ గ్రూపైనా ఫరవాలేదు. ప్రవేశ పరీక్షలో ఇచ్చిన సామగ్రితో అక్కడికక్కడే నమూనా తయారుచేసే భాగం ఉంటుంది. చేతిపని అలవాటున్న పిల్లలకు అది కలిసొస్తుంది. నేరుగా నగల పనే నేర్చుకోవాలంటే ముంబయిలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ జెమ్స్ అండ్ జ్యుయలరీ ఉంది. ఫీజులు, తేదీలు ఏటా మారతాయి, వాళ్ల ప్రకటనలోనే చూసుకోండి.

వాళ్ల నాన్నగారి భయం అర్థమైంది. మామూలు గొలుసులు ఇప్పుడు యంత్రాలే అల్లుతున్నాయి, అక్కడ చేతిపనివారు పోటీపడలేరు. కానీ కొత్త నమూనా గీసేవారు, కంప్యూటర్ మీద దాన్ని రూపొందించేవారు, మొదటి నగ చేసి చూపేవారు కావాలి. కంప్యూటర్ తెర మీద గీసిన నగలో మరీ పలచటి భాగం, కరిగిన లోహాన్ని అచ్చులో పోత పోసేటప్పుడు లోహంతో నిండకపోవచ్చు. ఆ ఇబ్బంది లోహం పట్టుకున్న మనిషికి ముందే తెలుస్తుంది. ఎంపీసీ చదివిన పిల్లకు ఈ దారి ఇంకా నప్పుతుంది.

మీ ఊళ్లోనే చిలకలపూడి ఉందన్న సంగతి మరిచారా? రోల్డ్ గోల్డ్ నగలకు పేరుపడ్డ ఊరు పెట్టుకుని పిల్లకు ఈ పని చూపించకపోతే ఎలా? తెలిసినవారి ద్వారా ఒక పూట తీసుకెళ్లండి. మూసల దగ్గర, అతుకుల దగ్గర ఎంతసేపైనా కూర్చోనివ్వండి. పూత పెట్టే తొట్ల దగ్గరికి మాత్రం వెళ్లనివ్వకండి, బంగారు పూతకు సాధారణంగా సైనైడ్ లవణాలు వాడతారు. ఇంట్లో కాలి నల్లబడిన రాగిని శుభ్రం చేయడానికి చింతపండు రసమో, వేడినీళ్లలో కలిపిన నిమ్మ ఉప్పో చాలు.

ఒక నోటుపుస్తకం కొనివ్వండి. చేసిన ప్రతి నగ బరువు, పట్టిన గంటలు, పాడైన లోహం అందులో రాయాలి. రేపు మజూరీ కట్టాలన్నా, ఉద్యోగానికి వెళ్లి తన పని చూపాలన్నా ఆ లెక్కలే ఆధారం. తెగిన లంకె ఇంకా ఉంటే మొదటి పేజీలో అంటించి, ఎందుకు తెగిందో పక్కన తన మాటల్లో రాయమనండి. వాళ్ల నాన్నగారికి ముందుగా ఆ పేజీ చూపించండి.